సీసాలో చెట్టు కప్ప: పెంచుకోవచ్చా, వదిలేయాలా?

పుదుచ్చేరిలో కురుచికుప్పం సముద్రాన్ని ఆనుకుని ఉన్న పేట. యానాం నుంచి బదిలీ మీద వచ్చిన మా బావగారు, అక్క అక్కడ ఒక పాత మేడ కింది వాటాలో అద్దెకుంటున్నారు. కిందటి సెప్టెంబరు చివర్లో రెండు రోజులు ఉండి వద్దామని వెళ్లాను. చెప్పులు విప్పకముందే, ఆరో తరగతి చదువుతున్న మా అక్క కొడుకు ఒక గాజు సీసా తెచ్చి నా ముందు పెట్టాడు.

"పిన్నీ, బాత్రూంలో దొరికింది. నేను పెంచుకుంటాను. దీనికి ఏం పెట్టాలి?"

సీసా మూతికి పాత దోమతెర ముక్క కట్టి, రబ్బరు బ్యాండు వేశాడు. అడుగున పొడి కాగితం పరిచాడు. దాని మీద గోధుమరంగు కప్ప ఒకటి కాళ్లు ముడుచుకుని కూర్చుంది. అప్పటికే రాత్రి తొమ్మిదైంది. ప్రయాణం బడలికలో "రేపు చూద్దాంలే" అన్నాను. భౌతికశాస్త్రం చదివిన అలవాటు కొద్దీ వంటింటి తూకం మీద మాత్రం సీసాను పెట్టి చూశాను. కప్పతో కలిపి 412 గ్రాములు. సీసాను హాల్లో అల్మరా మీద పెట్టి, ఫ్యాను వేసుకుని పడుకున్నాం.

ఉదయం ఏడింటికి తూకం 410 గ్రాములు చూపించింది. కప్ప రంగు పాలిపోయింది. సీసాను వంచినా కదల్లేదు. పిల్లాడి మొహం చూడలేకపోయాను.

సీసాలోంచి బయటకు పోయే దారి ఒక్కటే, దోమతెర రంధ్రాలు. వాటిలోంచి పోగలిగింది దాదాపుగా నీటి ఆవిరి మాత్రమే. తర్వాత ఖాళీ సీసాను తూచితే 394 గ్రాములు వచ్చింది. అంటే రాత్రి కప్ప బరువు 18 గ్రాములు. ఒక్క రాత్రిలో ఆ సీసా నుంచి 2 గ్రాముల నీరు ఆవిరైపోయింది. వంటింటి తూకం గ్రాము కంటే చిన్న తేడాను పట్టలేదు, ఆ నీటిలో కొంత కప్ప మూత్రం కూడా అయి ఉండొచ్చు. కాబట్టి దీన్ని కచ్చితమైన ప్రయోగం అనలేం. అయినా లెక్క ఎటు చూపిస్తోందో తెలుస్తుంది. 18లో 2 అంటే తొమ్మిదో వంతు. 60 కిలోల మనిషి ఒక్క రాత్రిలో ఆరున్నర కిలోల నీరు పోగొట్టుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

"ఏం పెట్టాలి?" అని పిల్లాడు అడిగిన ప్రశ్నకు జవాబు తిండితో మొదలు కాదు. కప్ప చర్మంతో మొదలవుతుంది.

గోడల మీది కప్ప

ముందుగా ఇది ఎవరో తెలుసుకుందాం. మన ఇళ్లలోకి, ముఖ్యంగా బాత్రూముల్లోకి వచ్చే చెట్టు కప్పకు శాస్త్రీయ నామం పాలీపెడేటిస్ మాక్యులేటస్. 1830లలో బ్రిటిష్ జంతు శాస్త్రవేత్త జాన్ ఎడ్వర్డ్ గ్రే దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. మాక్యులేటస్ అంటే మచ్చలున్నది అని అర్థం. కాలు చాపినప్పుడు తొడ వెనుక భాగంలో ముదురు రంగు మీద గుండ్రటి పసుపు మచ్చలు కనిపిస్తాయి. వేళ్ల చివర చిన్న చక్రాల్లాంటి మెత్తలు ఉంటాయి. ఆడ కప్ప 7, 8 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మగది అంతకంటే చిన్నది.

ఆంగ్లేయులు దీన్ని 'చునాం కప్ప' అని కూడా పిలిచారు. చునాం అంటే మన సున్నమే. సున్నం వేసిన గోడల మీద కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. తమిళంలో తేరై అంటారు. మా అక్కవాళ్ల పక్కింటి పాట్టి సీసాను చూడగానే "తేరై" అని, వదిలేయమని చేత్తో సైగ చేసింది. ఆవిడ చెప్పింది సరైనదేనని మాకు మరుసటి రోజు గానీ అర్థం కాలేదు.

మరి చెట్టు కప్ప బాత్రూంలోకి ఎందుకొస్తుంది? పుదుచ్చేరికి వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. అంతకు ముందు నెలల్లో చెట్లూ గోడలూ ఎండిపోయి ఉంటాయి. ఆ రోజుల్లో ఒక వీధి మొత్తానికి రాత్రీ పగలూ చెమ్మగా, నీడగా ఉండే చోటు ఏదంటే బాత్రూమే. పైగా అక్కడ బొద్దింకలు దొరుకుతాయి. అంటే ఆ కప్ప దారి తప్పి రాలేదు, వెతుక్కుంటూ వచ్చింది. దాన్ని అక్కడి నుంచి తీసి పొడి సీసాలో పెట్టడమంటే, ఎండాకాలంలో చలివేంద్రం దగ్గర నిలబడ్డ మనిషిని లాక్కెళ్లి ఎండలో నిలబెట్టినట్టే.

చర్మంతో తాగే జీవి

కప్పలు నోటితో నీళ్లు తాగవు. పొట్ట కింద, తొడల దగ్గర ఉండే పలుచని చర్మం నీటిని పీల్చుకుంటుంది. తడి నేల మీద కప్ప పొట్టను ఆనించి కూర్చుందంటే అది నీళ్లు తాగుతోందన్నమాట. ఊపిరితిత్తులు ఉన్నా, శ్వాసలో కొంత భాగం కూడా చర్మం ద్వారానే జరుగుతుంది. అందుకే ఆ చర్మం పలుచగా, తడిగా ఉండాలి. నీరు సులువుగా లోపలికి వచ్చే చర్మంలోంచి నీరు అంతే సులువుగా బయటికీ పోతుంది.

ఎంత వేగంగా పోతుందన్నది చుట్టూ ఉన్న గాలి మీద ఆధారపడుతుంది. తడి చర్మానికి ఆనుకుని ఆవిరితో నిండిన పలుచని గాలి పొర ఒకటి ఉంటుంది. గాలి కదలకపోతే ఆ పొర అలాగే ఉండి, కొత్తగా ఆవిరయ్యే నీటిని అడ్డుకుంటుంది. ఫ్యాను ఆ పొరను ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. ఫ్యాను కింద తడి బట్టలు త్వరగా ఆరేది ఇందుకే. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 జౌళ్ల ఉష్ణం కావాలి. ఆ ఉష్ణం కప్ప ఒంటి నుంచి కూడా పోతుంది కాబట్టి అది ఆరిపోవడమే కాదు, చల్లబడుతుంది కూడా.

ఏసీ గది ఇంకా ప్రమాదకరం. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. ఏసీ తన చల్లని తీగచుట్ట మీద ఆ ఆవిరిని నీటిగా మార్చి గొట్టం గుండా బయటికి పంపేస్తుంది. కిటికీ అవతల ఏసీ గొట్టంలోంచి బొట్లు బొట్లుగా పడే నీరు అదే. గది మనకు హాయిగా ఉంటుంది గానీ, అక్కడి గాలి కప్ప ఒంట్లోని నీటిని పీల్చేస్తుంది.

చిన్న ప్రాణికి ఈ నష్టం ఎక్కువ. వస్తువు చిన్నదవుతున్న కొద్దీ దాని ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితలం పెరుగుతుంది. పెద్ద గుమ్మడికాయ నెలల తరబడి నిలవుంటే దొండకాయ నాలుగు రోజుల్లో వడిలిపోవడానికి ఇదీ ఒక కారణం. 18 గ్రాముల కప్ప దాహాన్ని మన దాహంతో కొలవలేం.

దీనికి ఈ కప్ప తనదైన ఉపాయం ఒకటి కనుక్కుంది. అమెరికా శాస్త్రవేత్త హార్వీ లిలీవైట్ భారతీయ పరిశోధకులతో కలిసి ఈ జాతి మీదే చేసిన అధ్యయనం 1997లో వెలువడింది. చర్మగ్రంథుల నుంచి ఊరే కొవ్వు కలిసిన ద్రవాన్ని ఈ కప్ప తన కాళ్లతో ఒళ్లంతా తుడిచి పూసుకుంటుందని, ఆ పూత నీరు ఆవిరవడాన్ని తగ్గిస్తుందని వాళ్లు చూపించారు. మనం చలికాలంలో ఒంటికి నూనె రాసుకున్నట్టు అనుకోండి. పూత వేసుకున్నాక కాళ్లు కిందికి ముడుచుకుని, కళ్లు మూసుకుని, లేత రంగులోకి మారి గంటల తరబడి కదలకుండా కూర్చుంటుంది. బయటికి కనిపించే ఉపరితలాన్ని వీలైనంత తగ్గించుకోవడమే దాని లెక్క.

ఇక్కడే మనం పొరబడతాం. "ఎంత బుద్ధిగా కూర్చుందో" అనుకుంటాం. చేతిలోకి తీసుకుని నిమురుతాం. నిమిరినప్పుడల్లా అది పూసుకున్న పూత చెదిరిపోతుంది. మన చేతి మీది ఉప్పు, సబ్బు, శానిటైజర్, దోమల క్రీము ఆ చర్మంలోంచి నేరుగా లోపలికి వెళ్తాయి.

ఏ నీళ్లు?

ఉదయం మేము చేసిన మొదటి పని దానికి నీళ్లివ్వడం. అక్క వెంటనే బోరు పంపు దగ్గరకు వెళ్లబోయింది. నేను ఆపాను. సముద్రానికి ఇంత దగ్గర్లో బోరు నీళ్లు ఉప్పగా మారడం కొత్త కాదు. మనకు నోటికి కాస్త ఉప్పగా తగిలే నీరు కప్పకు వేరే సంగతి.

బడిలో చదువుకున్న ద్రవాభిసరణం గుర్తుందా? పలుచని పొరకు రెండు వైపులా వేర్వేరు గాఢతలున్న ద్రావణాలు ఉంటే, నీరు పలుచని ద్రావణం వైపు నుంచి చిక్కని ద్రావణం వైపు వెళ్తుంది. ప్రయోగశాలల్లో కప్ప అవయవాలను సజీవంగా ఉంచడానికి వాడే ద్రావణంలో లీటరుకు సుమారు 6.5 గ్రాముల ఉప్పు ఉంటుంది. కప్ప ఒంట్లోని ద్రవాల గాఢతకు అది దగ్గరగా ఉంటుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఆ నీటిలో పెడితే కప్ప నీళ్లలో ఉండి కూడా ఎండిపోతుంది. ఆగ్నేయాసియా మడ అడవుల్లో పీతలు తినే కప్ప లాంటి ఒకటి రెండు జాతులు ఉప్పునీటిని తట్టుకుంటాయి గానీ, మన చెట్టు కప్పకు ఆ శక్తి లేదు.

నీళ్లలో కంటికి కనిపించనిది ఎంత తేడా చేస్తుందో శాస్త్రానికి నేర్పింది కూడా కప్పే. 1880లలో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను ఉప్పునీటి ద్రావణంలో ఉంచి పరిశోధిస్తున్నాడు. ఆ ద్రావణంలో గుండె చక్కగా కొట్టుకునేది. అది స్వేదనజలంతో కాకుండా కుళాయి నీటితో తయారైందని తర్వాత తెలిసింది. స్వేదనజలంతో చేసి చూస్తే గుండె త్వరగా ఆగిపోయింది. కుళాయి నీటిలో ఉన్న కొద్దిపాటి కాల్షియమే గుండెను ఆడించిందని రింగర్ గుర్తించాడు. ఈనాటికీ ఆసుపత్రుల్లో ఎక్కించే 'రింగర్ లాక్టేట్' సెలైన్ సీసా మీద ఆయన పేరు ఉంది.

మన కుళాయి నీటిలో కాల్షియంతో పాటు క్లోరిన్ కూడా ఉండొచ్చు. వెడల్పు గిన్నెలో పోసి ఒక రోజు ఆరుబయట ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. క్లోరమైన్ కలిపే ఊళ్లలో మాత్రం ఇలా పోదు. శుభ్రమైన గిన్నెలో పట్టిన వాన నీరు ఉంటే అంతకన్నా మంచిది లేదు. మేము అక్క వంటింట్లో రెండు రోజుల నుంచి మూత లేని గిన్నెలో ఉన్న మున్సిపాలిటీ నీళ్లు వాడాం. వెడల్పు పళ్లెంలో అర సెంటీమీటరు లోతున పోసి, కప్పను సీసాలోంచి నెమ్మదిగా అందులోకి జారనిచ్చి, గదిలో దీపం ఆర్పేశాం. పిల్లాడు తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాడు. గంట దాటాక కప్ప పొట్టను నీళ్లకు ఆనించి, తల పైకెత్తి కూర్చుంది. ఒంటి మీదికి గోధుమరంగు తిరిగొచ్చింది.

కదిలితేనే తిండి

"ఇప్పుడు బాగానే ఉంది కదా పిన్నీ, పెంచుకోవచ్చు కదా" అన్నాడు వాడు. చీమలు పట్టిన అన్నం మెతుకులు, చచ్చిన ఈగ ఒకటి అరచేతిలో ఉన్నాయి.

కప్ప కంటికి అవి తిండి కావు. 1959లో అమెరికాలో జెరోమ్ లెట్విన్, ఉంబర్టో మటురానా, వారెన్ మెకల్లక్, వాల్టర్ పిట్స్ కలిసి ఒక ప్రసిద్ధ పరిశోధన ప్రచురించారు. కప్ప కంటి నుంచి మెదడుకు వెళ్లే నాడీ తంతువులు దేనికి స్పందిస్తాయో వాళ్లు కొలిచారు. కంటి ముందున్న దృశ్యం ఫొటోలా యథాతథంగా మెదడుకు వెళ్లడం లేదని తేలింది. చిన్నగా, గుండ్రంగా, ముదురు రంగులో ఉండి కదిలే దానికి మాత్రమే గట్టిగా స్పందించే తంతువులు అందులో ఉన్నాయి. పురుగును గుర్తించే పని కొంత కంటిలోనే పూర్తవుతోందన్నమాట. కదలని ఈగ కప్ప పాలిట ఈగ కాదు. చుట్టూ చచ్చిన ఈగలున్నా కప్ప పస్తుండగలదు.

అంటే ప్రాణమున్న, కదిలే పురుగులు కావాలి. అవి ఎలాంటివైనా సరిపోవు. వీధిలో పట్టిన బొద్దింక ఒంట్లో పురుగుల మందు ఉండొచ్చు. ఎప్పుడూ ఒకే రకం కీచురాళ్లు పెడితే వాటిలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. నెలల తరబడి అదే తిండి అయితే కప్ప ఎముకలు మెత్తబడి వంకర తిరుగుతాయి. పెంపుడు కప్పల్లో తరచుగా కనిపించే జబ్బు ఇది. కీటకాల మీద కాల్షియం పొడి చల్లి పెట్టడం, విటమిన్లు చూసుకోవడం, రాత్రీ పగలూ వెలుగు, చెమ్మ సరిచూడడం పెంపకందారులు రోజూ చేసే పని. అదీ పెంపకంలోనే పుట్టి పెరిగిన కప్పల విషయంలో. అడవిలోనో గోడ మీదో పుట్టిన కప్ప గాజును అడ్డంకిగా గుర్తించలేదు. బయటికి పోవాలని పదే పదే దూకి ముక్కు ఒరిపించుకుంటుంది. ఆ పుండులో సూక్ష్మజీవులు చేరతాయి. చాలా కప్పలు తిండి ముట్టడమే మానేస్తాయి. బయట ఉన్నప్పుడు అదుపులో ఉన్న పరాన్నజీవులు, నీరసించిన ఒంట్లో విజృంభిస్తాయి.

'కప్పల పెంపకం' అని ఒకే పద్ధతి కూడా లేదు. ఉదాహరణ పుదుచ్చేరిలోనే ఉంది. 1834లో ఫ్రెంచ్ ప్రకృతి శాస్త్రవేత్త రెనే లెసన్ ఒక పచ్చని కప్పను కొత్త జాతిగా వర్ణించాడు. దానికి 'ఆరు వేళ్లది' అనే అర్థంలో హెక్సాడాక్టైలా అని పేరు పెట్టాడు. అది దొరికింది పుదుచ్చేరి పరిసరాల్లోని చెరువుల్లోనే. ఆ పచ్చ కప్ప పెద్దయ్యాక ఎక్కువగా నీటి మొక్కల ఆకులు తింటుంది. చెట్టు కప్ప పురుగులు తింటుంది. ఒకదానికి నీళ్లలో తేలుతూ బతకడం అలవాటు, ఇంకొకదానికి గోడ మీద. ఒకే ఊరి రెండు కప్పలకే ఇంత తేడా ఉంది.

గోడను పట్టుకునే వేళ్లు

మధ్యాహ్నం కప్ప పళ్లెం వదిలి బాత్రూం టైల్సు మీద నిలువుగా ఎక్కింది. జిగురు పూసుకుందా అని పిల్లాడి అనుమానం. చెట్టు కప్పల వేళ్ల మెత్తల మీద ఆరు పలకల కణాలు తేనెపట్టు గదుల్లా పక్కపక్కన ఉంటాయి. ఒక్కోటి మీటరులో సుమారు లక్షో వంతు వెడల్పు. కణాల మధ్య సన్నని కాలువల్లో పలుచని శ్లేష్మం పారుతుంది. మెత్త గోడకు ఆనగానే ఆ ద్రవం పొర తలతన్యతతో రెండింటినీ దగ్గరకు లాగుతుంది. తడిసిన రెండు గాజు పలకలు అతుక్కున్నట్టే. అదనపు నీరు కాలువల్లోకి పోతుంది కాబట్టి మెత్త గోడకు దాదాపుగా తగిలి ఘర్షణ కూడా తోడవుతుంది. అందుకే తడి గోడ మీద కూడా జారదు.

సబ్బు నీటి తలతన్యతను తగ్గిస్తుందని మనకు తెలుసు. సబ్బు నురగ మీద, నూనె మరకల మీద ఈ పట్టు సడలుతుంది. బాత్రూం కడిగే యాసిడ్, ఫినాయిల్ అయితే పట్టును కాదు, చర్మాన్నే దెబ్బతీస్తాయి.

ఒక కప్ప నుంచి ఇంకో కప్పకు

సరే, కొన్నాళ్లు పెంచి, విసుగొస్తే ఊరవతల చెరువులో వదిలేద్దాం అనుకునేవాళ్లు ఉంటారు. ఆ ఆలోచన ఇంకా ప్రమాదం.

1990ల చివర్లో శాస్త్రవేత్తలు కప్పల చర్మం మీద పెరిగే ఒక శిలీంధ్రాన్ని గుర్తించారు. దాన్ని క్లుప్తంగా కైట్రిడ్ అంటారు. ఇది చర్మంలో చేరి లవణాల రాకపోకలను చెడగొడుతుంది. రక్తంలో సోడియం, పొటాషియం పడిపోయి చివరికి గుండె ఆగిపోతుందని 2009లో తేలింది. రింగర్ కథలో గుండెను ఆడించింది లవణాలే, ఇక్కడ గుండెను ఆపేది వాటి లోటే. ఈ శిలీంధ్రం వల్ల ప్రపంచవ్యాప్తంగా కనీసం 501 ఉభయచర జాతుల సంఖ్య తగ్గిందని, వాటిలో 90 జాతులు అంతరించి ఉంటాయని 2019లో ఒక అంతర్జాతీయ బృందం అంచనా వేసింది. మన పడమటి కనుమల కప్పల్లోనూ దీని జాడ కనిపించింది. ఇది ఖండాలు దాటడానికి జంతువుల వ్యాపారం ఒక ప్రధాన కారణమని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఒక చోటి కప్పను, దానితో ఉన్న నీటిని ఇంకో చోట వదలడం చిన్న ఎత్తున అదే పని.

చట్టం కూడా గుర్తుంచుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కొన్ని కప్పలకు రక్షణ ఇస్తుంది. దానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఒకప్పుడు మన దేశం నుంచి కప్ప కాళ్లు ఏటా వేల టన్నులు ఎగుమతయ్యేవి. పుదుచ్చేరి చెరువుల్లో తొలిసారి వర్ణించిన ఆ పచ్చ కప్ప కూడా అందుకు బలైంది. 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. చేతిలో ఉన్న కప్ప ఏ జాతిదో కచ్చితంగా తెలియనప్పుడు పట్టి ఉంచకపోవడమే మేలు.

మీ ఇంట్లో కప్ప దొరికితే

ఆరోగ్యంగా ఉంటే పట్టుకోకండి. దారిలో ఉండి తప్పనిసరిగా కదపాల్సి వస్తే, సబ్బు లేకుండా మంచినీళ్లతో చేతులు బాగా కడుక్కుని, తడి చేత్తోనే తీయండి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. కప్ప చర్మ స్రావాలు కంట్లో పడితే మండుతాయి, చర్మం మీద మనకు హాని చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు. కప్పను ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్న మాట మాత్రం నిజం కాదు. అవి మనుషుల్లో వ్యాపించే వైరస్ వల్ల వస్తాయి.

ఎండిపోయి నీరసంగా ఉంటే, అర సెంటీమీటరు లోతున క్లోరిన్ లేని మంచినీళ్లు పోసిన పళ్లెంలో ఉంచండి. నోట్లో నీళ్లు పోయకండి. లోతైన నీళ్లలో వేయకండి. చెట్టు కప్ప చెరువు కప్పలా ఈదుతూ బతికేది కాదు.

గాయమైతే, గాలి రంధ్రాలున్న వెడల్పు డబ్బాలో సబ్బు వాసన లేని తడి నూలు గుడ్డ, ఒక ఆకుల కొమ్మ పెట్టి అందులో ఉంచండి. ఫ్యాను, ఏసీ, ఎండ తగలని చీకటి మూల చూడండి. పసుపు, యాంటీసెప్టిక్ ద్రావణం ఏదీ రాయకండి. పశువైద్యుడికో అటవీ శాఖకో చెప్పండి. ఆ ఒకటి రెండు రోజులు తిండి పెట్టకపోయినా ఫరవాలేదు. ఒంటి వేడి కోసం శక్తి ఖర్చు చేయని ప్రాణి కాబట్టి కొన్ని రోజులు పస్తు ఉండగలదు. నీళ్లు లేకుండా మాత్రం ఉండలేదు.

కోలుకున్నాక దొరికిన చోటే, చీకటి పడుతుండగా వదలండి. పగలు వదిలితే కాకులకు దొరుకుతుంది. వేరే పెంపుడు జంతువులతో కలిపి ఉంచిన కప్పను మాత్రం, పశువైద్యుణ్ని అడగకుండా వదలకండి.

సీసా లేని పెంపకం

ఆ సాయంత్రం ఆరున్నరకు మా పిల్లాడే పళ్లెం పట్టుకుని బాత్రూం కిటికీ అంచు మీద పెట్టాడు. కప్ప కాసేపు కూర్చుని, ఒక్క గెంతులో అవతలి జామ చెట్టు మీదికి పోయింది. వాడు ఏడవలేదు గానీ అన్నం సరిగ్గా తినలేదు. పడుకునే ముందు "మళ్లీ వస్తుందా?" అని అడిగాడు. వచ్చే ఇల్లులా ఉంచితే వస్తుందన్నాను.

మరునాడు ఇద్దరం కలిసి ఒక జాబితా రాశాం. బాత్రూం కిటికీ రాత్రి కాస్త తెరిచి ఉంచాలి. యాసిడ్‌తో కడిగినరోజు నీళ్లు ధారాళంగా పోసి కడిగేయాలి. దోమల స్ప్రే బాత్రూంలో కొట్టకూడదు, అందులోని రసాయనాలు చేపలకూ తోకకప్పలకూ విషం. పెరటి కుండీల మధ్య ఒక వెడల్పు మట్టి మూకుడులో మంచినీళ్లు పెట్టి రోజూ మార్చాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. చివరి వరుస వాడే రాశాడు: కప్ప కనిపించినరోజు తేదీ, వేళ, వాన పడిందా లేదా రాయాలి.

నవంబరులో వాడి ఫోన్ వచ్చింది. పెరట్లోని సిమెంటు తొట్టి లోపలి గోడకు, నీటికి జానెడు పైన తెల్లటి నురగ ముద్ద అంటుకుని ఉందట. అక్క చీపురుతో గీకేయబోతే అడ్డుపడ్డాడట. అది చెట్టు కప్పల గూడు. ఆడ కప్ప విడిచే ద్రవాన్ని వెనక కాళ్లతో కవ్వంలా చిలికి నురగ చేస్తుంది, అందులో వందల గుడ్లు పెడుతుంది. నురగ పై పొర గట్టిపడి లోపలి చెమ్మను కాపాడుతుంది. కొన్ని రోజులకు తోకకప్పలు నురగలోంచి కింది నీళ్లలోకి రాలతాయి. కింద నీళ్లు లేకపోతే అంతా వృథా.

"పిన్నీ, తొట్టిలో నీళ్లు ఎన్నాళ్లు ఉంచాలి?" అన్నాడు. తోకకప్పలకు కాళ్లు వచ్చి గట్టెక్కడానికి రెండు నెలల దాకా పట్టొచ్చని చెప్పాను. తొట్టిలో నీళ్లు తగ్గితే సబ్బు కలవని నీళ్లు కొద్దికొద్దిగా పోయమని, తోకకప్పలు ఎక్కి రావడానికి ఒక కొబ్బరి మట్ట వాలుగా పెట్టమని చెప్పాను.

"సరే, బట్టలు వేరే చోట ఉతుక్కోమని అమ్మకు నువ్వే చెప్పు" అని ఫోను అక్క చేతికిచ్చాడు.